అరకు దారిలో అద్దె మోటారులు

విశాఖపట్టణమున రైలు దిగి స్టేషను వెలుపలికి వచ్చువారికి మొదట కన్పట్టునది సముద్రము గాదు, కొండయు గాదు; వరుసగా నిలిచియున్న అద్దె మోటారులు. పసుపుపచ్చని పలకలమీద నల్లని అంకెలు గల ఆ బండ్లు ఇంచుమించు అన్నియు తెల్లనివే. దూరమునుండి చూచువారికి అవన్నియు అక్కచెల్లెండ్రవలె నుండును. రెండడుగులు దగ్గరకు పోయి చూచినచో ఎంత భేదము! ఒకదాని తలుపుటద్దములో మన ముఖము చూచుకొని బొట్టు దిద్దుకొనవచ్చును. దాని ప్రక్కనున్నదానిని తాకినచో వ్రేలికి ధూళి యంటును. లోపల మొన్నటి ప్రయాణికులు తిని పారవైచిన వేరుసెనగ పొట్టు నేటివారి చీరకుచ్చెళ్లకు తగులుకొనును.

ఇట్లేల యని యడిగినచో మనలో పెక్కుమంది చెప్పు సమాధాన మొక్కటే: ‘‘వాడు శుచిగలవాడు, వీడు బద్ధకస్తుడు.’’ ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమను సామెత యుండనే యున్నది. మా వదినగారు ఆ సామెతను బండికిని, బండివానికిని గూడ అన్వయింతురు. నాకది పూర్తిగా సమ్మతము గాదు. ఆ సామెత పుట్టిన దినములలో ఇల్లు ఇల్లాలిది, పెరటిలోని నుయ్యియు ఇల్లాలిది. ఆ రెండును లేనివారిని చూచి సామెత చెప్పుట సులభమే కాని న్యాయము గాదు. కిందటి కార్తికమాసమున మేము అరకులోయకు పోవునపు డొక బండియు, తిరిగి వచ్చునపుడు వేరొక బండియు తటస్థించుటచే ఈ విషయమును దగ్గరనుండి చూచుటకు వీలు గలిగినది.

పోవునప్పటి బండికి యజమానియు, నడుపువాడును ఒక్కడే. బ్యాంకు అప్పుతో కొన్న బండి. ఇంకను రెండేండ్ల వాయిదాలు మిగిలియున్నవట. కొన్ననాడే అసీలుమెట్టలోని సంపత్ వినాయకుని గుడికి తీసికొనిపోయి పూజ చేయించెనట. విశాఖలో క్రొత్తబండి కొన్నవారు చాలమంది మొట్టమొదట పోవునది ఆ చిన్న గుడికే. చక్రము వెనుక సింహాద్రి అప్పన్న పటము, దానికి ఆనాటి బంతిపూవు. తెల్లవారుజామున కొళాయి వచ్చు వేళకు లేచి, రెండు బాల్చీల నీరు పట్టి బండి కడిగి వచ్చితినని అతడే చెప్పెను. మొదట నీరు కుమ్మరించి ఇసుకరేణువులను జారవిడువవలెనట. అటుపిమ్మటనే గుడ్డ పెట్టవలెనట. పొడిగుడ్డతో తుడిచినచో ఆ రేణువులే రంగును గీచివేయునట. ఇత్తడి సామానులకు మెరుగు పెట్టుకొనువారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

విశాఖనుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట వరకు దారి చదునే. అచట ఫలహారములు ముగించుకొని బయలుదేరినచో కొంతసేపటికి కొండదారి యారంభమగును. త్యాడ దాటిన పిదప మలుపు వెంట మలుపు. ఇరువైపుల ఎత్తైన చెట్లు, వాని నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగెలు. పెద్దవారికి ఇది కన్నులపండువు. పిల్లలకు మాత్రము కడుపులో త్రిప్పుట. మా మేనకోడలు నాలుగవ మలుపులోనే ముఖము వేలవేసినది. ఆ డ్రైవరు వెనుకకు తిరిగి చూడకయే, ముందరి అద్దములో పిల్ల వాలకము కనిపెట్టి, బండి నిలిపి, అరలోనుండి ఒక కాగితపు సంచియు, ఒక నిమ్మకాయయు తీసి యిచ్చెను. పిల్లను ముందరి ఆసనమున కూర్చుండబెట్టుడనియు, చేతిలోని పుస్తకము చూడక దూరపు కొండను చూడుమనుడనియు చెప్పెను. బండి మచ్చపడలేదు.

‘‘ఎవరికైనా వస్తుందమ్మా. కక్కినందుకు కోపం లేదు. చెప్పకుండా దిగి వెళ్లిపోతారే, అప్పుడు బాధేస్తాది. ఆ వాసన మూడు రోజులు పోదు. తరవాత ఎక్కినోళ్లు నన్ను తిడతారు’’ అనెను.

అనంతగిరి దగ్గర టీ త్రాగుచుండగా కొండచరియమీద ఒక పొడవైన సరుకుల రైలు పోవుట కనబడెను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండలలో త్రవ్విన ఇనుపరాయి ఈ కొత్తవలస–కిరండూలు రైలుదారిన, అరకులోయ మీదుగనే, విశాఖ ఓడరేవునకు దిగును. 1933లో తెరచిన ఆ రేవులో ఇనుపరాయిని ఎక్కింతురు, బొగ్గును దింపుదురు. ఆ రెండింటి దుమ్మును పాతపట్టణపు మేడలమీదను, ఆరవేసిన బట్టలమీదను పడుచుండుట అచటి ఆడువారు చిరకాలముగా మొరపెట్టుకొనుచున్న సంగతియే. బండ్లమీద మాత్రము పడకుండునా? దానికి తోడు సముద్రపు గాలి. అందలి ఉప్పు అద్దములమీద మసకపొరగా నిలుచును. అడుగుభాగమున కంటికి కనబడని చోట ఇనుమును తినివేయును. విశాఖలో ఒక బండిని తెల్లగా నుంచుటకు ఇతర పట్టణములలోకంటె ఎక్కువ నీరును, ఎక్కువ ఓపికయు కావలెను.

ఈ రైలుదారిని 1960 దశకమున వేయుట ముఖ్యముగా ఆ రాతిని జపాను దేశమునకు పంపుటకే. జపాను మాట వచ్చినది గనుక మా చెల్లెలు చెప్పిన సంగతి యొకటి ఇచట వ్రాసెదను. ఆమె భర్త ఉద్యోగరీత్యా కొంతకాలము టోక్యో నగరమున కాపురముండినది. అచటి అద్దె మోటారుల శుభ్రత లోకప్రసిద్ధము. వెనుక తలుపును మనము ముట్టనక్కరలేదు. నడుపువాడే తన చోటునుండి మీట నొక్కి తెరచును. పెక్కుబండ్లలో ఆసనములకు తెల్లని గలీబులుండును. బేరము లేక నిలిచియున్నపుడు నడుపువాడు ఈకల కుంచెతో బండిని దులుపుచుండును. 1959 నుండి అచట, ఏండ్ల తరబడి నేరము లేక నడిపినవారికి సొంతబండి నడుపుకొను అనుమతి నిచ్చుచున్నారు. సొంతబండివారు శుభ్రముగా నుంచుకొనుటలో వింత లేదు. వింత యేమనగా కంపెనీబండ్లును అట్లే యుండును. అచట కంపెనీబండి నడుపువారిలో చాలమందికి ఒకనాడు ఇరువది గంటల వరకు పని, మరునాడు విశ్రాంతి. బండి తన జంటవాని చేతికి పోవును. అప్పగించుటకు ముందు కంపెనీ ఆవరణలోనే దానిని కడుగుదురు. ఆవరణ గలదు, కొళాయి గలదు, కడుగుటకు వేళ గలదు. జపానువారి స్వభావమే అట్టిదని కొందరందురు. కావచ్చును, కాని కొళాయి లేని స్వభావము ఎంతకాలము నిలుచునో చెప్పజాలను.

అరకులో రెండు దినములుంటిమి. వలిసె చేలు విరగబూచి లోయ యంతయు పసుపు పూసినట్లుండెను. మేము బసచేసిన లాడ్జి మంచిదే. గదులు విశాలము, వేడినీళ్లు సమృద్ధి. రాత్రి భోజనమైన తరువాత ఆవరణలో నడచుచుండగా అచట నిలిపిన బండ్లలో ఒక్కొక్కదానియందు ఒక్కొక్క మనుష్యుడు ముందరి ఆసనమును వెనుకకు వాల్చి, తలకు తువాలు చుట్టుకొని నిద్రించుచుండెను. అద్దములు వ్రేలెడు సందు విడిచి మూసియుండెను. అరకు సముద్రమట్టమునకు సుమారు 3000 అడుగుల ఎత్తుననున్నది. కార్తికమాసపు చలి యెట్టిదో వేరుగ చెప్పనేల? డ్రైవరులకు గది లేదట. అతిథుల స్నానపుగదులు వారు వాడగూడదట. ఉదయమున వారందరును తోటకు నీరుపెట్టు గొట్టము దగ్గర ముఖములు కడుగుకొనుచుండిరి.

మా మొదటి డ్రైవరునకు వేరొక బేరముండుటచే మమ్ము దింపి వెంటనే మరలిపోయెను. తిరుగు ప్రయాణమునకు ఒక అద్దెబండ్ల కంపెనీవారు వేరొక బండిని కుదిర్చిరి. అది మూడు దినములుగా అరకులోనే, వేరువేరు బేరములమీద తిరుగుచుండెను. తలుపు తెరువగనే మా వదినగారు ముక్కు మూసికొనిరి. కాలి పట్టలమీద ఎఱ్ఱబురద యెండియుండెను. వెనుక కొక్కెమునకు ఒక తడిచొక్కా వ్రేలాడుచుండెను. అరలో సబ్బుపెట్టె, పండ్లపొడి, దువ్వెన. అది బండి గాదు, ఒక బ్రహ్మచారి గది.

నడుపువాడు శ్రీకాకుళము వైపు కుఱ్ఱవాడు, ఇరువదియైదేండ్లుండవచ్చును. చొక్కాను తీసి వెనుకపెట్టెలో పెట్టి, బురదపట్టలను దులిపి, సిగ్గుపడుచు నిలువబడెను. దారిలో నేనే కదల్చితిని: ‘‘బాబూ, బండి కడుగుటకు వీలు పడదా?’’

‘‘బండి నాది కాదమ్మా. పట్నంలో ఉంటే పగలు నేను, రాత్రి ఇంకొకడు. మొదట్లో నేను కడిగి ఇచ్చేవోడిని, వాడు బురద చేసి ఇచ్చేవోడు. నెల్లాళ్లు కడిగేను, మానేసేను. ఓనరు కిలోమీటర్లు చూస్తాడు గానీ బండి చూడడు. బయట కడిగిద్దామంటే ఆ డబ్బు నా బత్తాలోంచే పోవాలి.’’

ఇంతలో గాలికొండ దగ్గర మంచు క్రమ్మినది. పది గజముల ముందు దారి కనబడదు. అప్పుడు నేను గమనించినది ఆ బండి ముందరి అద్దము. ఎంత బురదబండియైనను ఆ అద్దము మాత్రము ఏటినీటివలె నిర్మలముగా నుండెను, లోపలివైపును, వెలుపలివైపును గూడ. ప్రతి ఉదయమును పాత వార్తాపత్రికను తడిపి తుడుచునట. లోపలివైపు జిడ్డుపొర యున్నచో మంచువేళ ఆవిరి దానిమీద చప్పున పట్టుననియు, రాత్రివేళ ఎదురుబండ్ల దీపములు ఆ పొరమీద పగిలి కన్నులు చెదరగొట్టుననియు అతడు చెప్పెను. మొదటి బండివాని అద్దముకూడ శుభ్రముగానే యుండెను గాని, అంతటి శ్రద్ధ నేను చూడలేదు. ఇతడు బద్ధకస్తుడు గాడు. తనవియు, మనవియు ప్రాణములు దేనిమీద నాధారపడియున్నవో దానిని శుభ్రపరచి, పరులదైన మిగిలినదానిని విడిచిపెట్టెను. మా వదినగారు ఆ కొండ దిగువరకు మరల ముక్కు మూసికొనలేదు. బహుశః భయముచేత కావచ్చును.

సొంతమైనంత మాత్రమున బండి శుభ్రముగా నుండునని యనుకొనుటయు పొరపాటే. హైదరాబాదులో మా బంధువుల అపార్టుమెంటున, తెల్లవారకముందే ఒక మనుష్యుడు వచ్చి ఒక్క బాల్చీ నీటితో పది బండ్లు తుడిచిపోవును. పదవబండి యజమాని పుణ్యమెట్టిదో! తలుపులకు తాళము గనుక లోపలిభాగము అతని హద్దు గాదు, అది యజమానులదే. వెలుపల తళతళలాడు ఆ బండిలో కూర్చుండబోయి నేను మొదట తొలగించినవి రెండు బిస్కట్టు పొట్లములు, ఒక టెన్నిసు బంతి, ఎండిన నారింజతొక్కలు. ఆ దంపతులు సోమరులు గారు. ఇరువురును ఉదయము పోయి రాత్రి వచ్చువారు. వారిని చూచి మాత్రము ఎవరును సామెత చెప్పరు.

నీటి సంగతి యింకొకటి. 2024 మార్చిలో బెంగుళూరున నీటికరవు ముదిరినపుడు, త్రాగునీటితో బండ్లు కడుగరాదనియు, కడిగినచో 5000 రూపాయల జరిమానా యనియు నీటిసరఫరా మండలివారు ఉత్తరువు చేసిరి. ఆ దినములలో ధూళిబండి నడుపుటయే మర్యాద. మన పట్టణములలోను వేసవిలో, బిందెడు నీటికి వీధికొళాయి దగ్గర నిలుచు ఇల్లాలి యెదుట బండిమీద గొట్టముతో నీరు పోయువానిని శుచిమంతుడని పిలుచుటకు నాకు నోరు రాదు. ఒక్క దసరానాడు మాత్రము ఈ లెక్కలన్నియు ఎగిరిపోవును. సొంతదైనను, పరులదైనను, అప్పుదైనను, ఆయుధపూజనాడు ప్రతిబండియు స్నానము చేయవలసినదే. మా శ్రీకాకుళపు కుఱ్ఱవాడును ఆనాడు తన డబ్బుతోనే బండి కడిగించి, మామిడాకులు కట్టి, గుమ్మడికాయ కొట్టితినని చెప్పెను. ‘‘ఆ రోజు ఓనరుది అనిపించదమ్మా’’ అనెను.

ఈ మాఘమాసమున మరల అరకు పోవుదమని పిల్లలు పట్టుపట్టిరి. కాగితపు సంచులు, నిమ్మకాయలు, రెండు పాత తువాళ్లు ఒక సంచిలో సర్దియుంచితిమి. బసకొరకు టెలిఫోనులో విచారింపగా ఎంతమంది యని యడిగిరి. ఆరుగురము, డ్రైవరుతో ఏడుగురమని చెప్పితిమి. రెండు లాడ్జీలవారు డ్రైవరునకు చోటు లేదనిరి. మూడవచోట మెట్లక్రింద చిన్నగది యున్నది, మంచము వేయింతుమనిరి. అందులో కొళాయి యున్నదా యని మా వదినగారే అడిగిరి.