వెనుకవారి దీపం

వాహనానికి ముందున్న దీపాలు నడిపేవానికి దారి చూపుతాయి. వెనుకనున్న ఎర్రదీపం అతని కంటికి కనిపించదు. అది వెనుక వచ్చేవారి కోసం వెలుగుతుంది. 'నేను ఆగుతున్నాను, జాగ్రత్త' అని మాటలు లేకుండా చెప్పడమే దాని ధర్మం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగిపోతుంది. ఆ హెచ్చరిక క్షణకాలం ఆలస్యమైతే ఏమి జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. అందుకే 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు ఈ దీపం ఉండి తీరాలని శాసించాయి. అయినా తన వెనుకనున్న లోపాన్ని తాను గుర్తించడం ఎవరికైనా కష్టమే.

భారతదేశపు రహదారులపై అర్ధశతాబ్దానికి పైగా తిరిగిన కారు అంబాసిడర్. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ దీనిని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారుచేసింది. 1950వ దశకం చివర మొదలైన ఆ తయారీ 2014 మే నెలలో నిలిచిపోయింది. కృష్ణా తీరంలో ఇప్పటికీ కొందరు ఈ కారును పెద్దల ఆస్తిలా కాపాడుకొంటున్నారు. దానికి జబ్బు చేస్తే వారికి గుర్తుకు వచ్చేది విజయవాడలోని జవహర్ ఆటోనగర్. లారీలకు బాడీలు కట్టేవారు, ఇంజన్లు విప్పేవారు, పాత సామాన్లు అమ్మేవారు, వైరింగ్ మేస్త్రీలు అక్కడ పక్కపక్కనే కనిపిస్తారు.

పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు తన పాత అంబాసిడర్‌ను అక్కడికి తీసుకొనివచ్చాడు. బ్రేకు తొక్కితే ఎడమ దీపం చక్కగా వెలుగుతున్నది. కుడి దీపం మసకబారుతున్నది. విచిత్రమేమంటే, తొక్కినప్పుడల్లా కుడివైపు ఇండికేటరు కూడా సన్నగా మిణుకుమంటున్నది.

"వైర్లన్నీ పాతబడ్డాయి. మొత్తం మార్చేయవయ్యా!" అన్నాడు ఆయన.

"తొందరపడకండి మాస్టారూ! జబ్బేదో తెలియకుండా మందు వేయకూడదు గదండీ!" అన్నాడు మేస్త్రి.

అతని పరీక్ష ఒక తర్కశాస్త్ర పాఠంలా సాగింది. బ్యాటరీ నుండి బయలుదేరిన విద్యుత్తు ఫ్యూజును, బ్రేకు స్విచ్చిని దాటి, రెండుగా చీలి రెండు దీపాలనూ చేరుతుంది. ఎడమ దీపం బాగుగా వెలుగుతున్నది గనుక ఆ చీలిక వరకు ఉన్న దారి నిర్దోషి. కాబట్టి ఫ్యూజును, స్విచ్చిని ముట్టుకోనక్కరలేదు. ఇక బల్బు. దానిలో రెండు తంతువులు ఉంటాయి: రాత్రివేళ వెలిగే 5 వాట్ల తంతువు ఒకటి, బ్రేకు తొక్కినప్పుడు వెలిగే 21 వాట్ల తంతువు మరొకటి. కుడి బల్బును తీసి ఎడమవైపు పెట్టి చూశాడు. నిండుగా వెలిగింది. బల్బు కూడా నిర్దోషి అని తేలింది.

పాత బ్రిటిష్ పద్ధతిలో బ్రేకు దీపానికి పోయే తీగ ఆకుపచ్చగా ఉండి, దానిపై ఊదారంగు చార ఉంటుంది. మేస్త్రి టెస్ట్ ల్యాంపు ఒక కొసను కారు బాడీలో శుభ్రమైన ఇనుముకు తగిలించి, రెండవ కొసను కుడి హోల్డరులోని ఆ తీగకు ఆనించాడు. ఉపాధ్యాయుడు బ్రేకు తొక్కగానే టెస్ట్ ల్యాంపు ధగధగ వెలిగింది. విద్యుత్తు దీపం దాకా వస్తున్నది. తిరిగి పోవడానికే దారి లేదు!

డెల్టా రైతుకు ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. ప్రకాశం బ్యారేజి నుండి కాలువల ద్వారా నీరు పొలానికి చేరితే చాలదు; మురుగు కాలువ పూడిపోతే పొలం చెడుతుంది. కారులో ఆ తిరుగుదారి ఇనుప బాడీయే. దానినే ఎర్తు అంటారు. ఎర్తు మూసుకుపోతే విద్యుత్తు పక్కదారులు వెదకుతుంది. ఇండికేటరు మిణుకుమనడానికి కారణం అదే.

మేస్త్రి హోల్డరు నుండి శుభ్రమైన ఇనుముకు ఒక తీగ ముక్కను తాత్కాలికంగా కలిపాడు. కుడి దీపం వెంటనే నిండుగా వెలిగింది, ఇండికేటరు ఆరిపోయింది. అనుమానం నిజమైంది. అప్పుడు హోల్డరును విప్పి, చిలుమును, తుప్పును గరుకు కాగితంతో రుద్ది, మరను బిగించాడు. వైర్లన్నీ మార్చవలసిన అవసరం లేకపోయింది.

సముద్రానికి చేరువలోనున్న ఈ ప్రాంతంలో గాలిలోని తేమ, ఉప్పు లోహపు అతుకులను మెల్లగా తినివేస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని సింగ్ నగర్ పరిసరాలను ముంచెత్తినప్పుడు ఎన్నో వాహనాలు నీట మునిగాయి. వరద తీసిన తరువాత కూడా అతుకులలో దాగిన తేమ నెలల తరబడి తన పని తాను చేస్తూనే ఉంటుంది. 12 వోల్టుల దీపానికి ఒక్క వోల్టు తగ్గితే దాని వెలుగు దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. దీపం వెలుగుతున్నది గదా అనుకొంటే చాలదు. వెనుకవారికి కనిపించేంతగా వెలుగుతున్నదా అన్నదే ప్రశ్న.

ఏది బాగున్నదో ఒక్కొక్కటిగా తేల్చుకొంటూ పోతే చెడినది తనంత తానే బయటపడుతుంది. వైద్యుడైనా, శాస్త్రజ్ఞుడైనా అనుసరించే మార్గం ఇదే. ఆటోనగర్ మేస్త్రి దీనిని చమురు మరకల చేతులతో ఆచరిస్తున్నాడు. ఈ పరీక్షకు ఇద్దరు కావాలి: బ్రేకు తొక్కేవారొకరు, వెనుక నిలిచి చూసేవారొకరు. తోడు లేనివారు చీకటి పడ్డాక కారును గోడకు వెనుకగా నిలిపి బ్రేకు తొక్కితే, గోడపై పడే రెండు ఎర్రని వెలుగులు సమానంగా ఉన్నాయో లేదో అద్దంలో కనిపిస్తుంది. ముక్కు మొగము తెలియని వెనుకవాని ప్రాణం కోసం వెచ్చించే ఆ నిమిషం వ్యర్థం కాదు.