క్రింది డెక్కున నడిమి గది

దక్షిణామెరికా ఖండపు కొనయందు, బీగిల్ జలసంధి యొడ్డున, ఉషుఅయా అను అర్జెంటీనా రేవుపట్టణము కలదు. నవంబరు మొదలుకొని మార్చి వరకు, అంటార్కిటికా ద్వీపకల్పమును కన్నులార చూడగోరు యాత్రికులను ఎక్కించుకొని చిన్ననౌకలు అచటినుండి బయలుదేరుచుండును. జలసంధి ప్రశాంతముగనే గడచును. ఆ పిమ్మట ఎదురగునది డ్రేక్ జలమార్గము. సుమారు 800 కిలోమీటర్ల వెడల్పుగల ఆ సాగరమును దాటుటకు రెండు దినములు పట్టును. ఆ అక్షాంశములయందు భూగోళము చుట్టును పడమటిగాలికి అడ్డుపడు నేల లేనందున, లేచిన అల విరుగుటకు తీరము దొరకక, పెరిగి పెరిగి వచ్చి ఓడను తాకును. సముద్రము శాంతముగ నుండు దినములును లేకపోలేదు. కాని ఏనాడు ఎట్లుండునో ముందుగా సొమ్ము చెల్లించునాటికి చెప్పగలవారు లేరు. కావున గదిని ఎన్నుకొనునపుడు తుపానును తలచుకొనియే ఎన్నుకొనుట యుక్తమని నా దృఢాభిప్రాయము.

చిన్న ఓడయే ఎందులకన, 1966లో లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ సామాన్య యాత్రికులను అంటార్కిటికాకు కొనిపోయిన నాటినుండి వృద్ధినొందిన ఈ యాత్రలకు క్రమముగా కట్టుబాట్లు ఏర్పడినవి. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడవారు నేలపై దిగరాదు. దిగినవారును ఒక్కచోట ఒక్కపర్యాయము 100 మందికి మించి ఉండరాదు. పెంగ్విను పక్షుల నడుమ నిలువగోరువారు చిన్న ఓడనే ఆశ్రయింపవలెను. అయితే ఆ భాగ్యమును ప్రసాదించు చిన్నతనమే అలల కెక్కువగా లోబడి కడుపును కలచును.

గదుల వెలపట్టికను చూచినచో, అంతస్తు పెరిగినకొలది వెలయు పెరుగుచుండును. అన్నిటికంటె పైన బాల్కనీతో కూడిన విశాలమైన గదులు. అడుగున, నీటిమట్టమునకు కొంచెము పైగా, గుండ్రని అద్దపు కిటికీగల ఇరుకు గదులు. ధనమున్నవారు పైగదికి మొగ్గుట సహజము. కాని గాలివాన వీచునపుడు తాటిచెట్టు మొవ్వు ఊగినంతగా మొదలు ఊగదు, ఓడయు అట్టిదే. ప్రక్కలకు ఒరగునపుడు పైఅంతస్తు త్రుళ్లినంతగా క్రిందిఅంతస్తు త్రుళ్లదు. ముందువెనుకలకు ఎగసిపడునపుడు రెండు కొనలును ఆకాశమునకు లేచి పాతాళమునకు దిగుచుండగా నడిమిభాగము కొంత నిలకడగా నుండును. కావున క్రింది డెక్కున నడిమి గదియే ఉత్తమము. దృశ్యము పోవునన్న చింత వలదు. హిమపర్వతమును గదిలో పండుకొని చూచువారు అరుదు. తిమింగిలము కనబడినదని పిలుపు వినబడినంతనే అందరును పైడెక్కునకు పరుగెత్తువారే.

ఓడ పటమును తెప్పించుకొని ఓపికతో పరిశీలించుట మంచిది. ముందుకొనయందలి గదులకు వేకువన లంగరు గొలుసు దిగు చప్పుడును, వెనుకకొనయందలి గదులకు ఇంజను అదురును తప్పవు. మోకాళ్ల నొప్పులున్నవారు ఆ ఓడకు లిఫ్టు కలదో లేదో విచారింపవలెను. డిసెంబరు మాసమున ఆ ప్రాంతమున రాత్రియు చాలవరకు వెలుగే గనుక, దళసరి తెర లేని గదిలో నిద్ర రాదు. ఓడ విపరీతముగా ఒరగు రాత్రులయందు ప్రాణరక్షక కోటును పరుపు అంచుక్రింద దూర్చి, పరుపునకును గోడకును నడుమ ఒదిగి పండుకొను ఉపాయము నావికులు చిరకాలముగా ఎరిగినదే.

ఈ సందర్భమున చార్లెస్ డార్విన్ ప్రయాణము స్మరణీయము. ఆ జలసంధికి పేరిచ్చిన బీగిల్ నౌకలో, 1831 డిసెంబరు మొదలు 1836 అక్టోబరు వరకు ప్రయాణించిన ఆ మహనీయునకు లభించిన గది ఓడ వెనుకకొనయందు పైభాగమున నుండెను. పటములు గీయు బల్లకు పైగా ఊయలపడక కట్టుకొని ఆయన నిద్రించెను. శరీరమునకు అంతకంటె ప్రతికూలమైన చోటు ఆ ఓడలో వేరొకటి ఉండి యుండదు. యాత్ర పొడుగునను సముద్రవికారము ఆయనను విడువలేదు. బిస్కత్తులును ఎండుద్రాక్షయు మాత్రమే ఇమిడిన దినములు కలవు. జీవరాశిని గూర్చిన మానవుని భావననే మార్చిన దృష్టి అంతటి దేహబాధ నడుమ మేల్కొని యుండెనన్న తలపు నన్ను ఎల్లప్పుడును కదలించును.

ఆ వికారమునకు కారణము కడుపు కాదు. చెవి లోపలి అర్ధచంద్రాకార నాళములు దేహము కదలుచున్నదని తెలుపుచుండగా, గదిగోడలను చూచు కన్ను కదలిక లేదని చెప్పును. ఆ వైరుధ్యమునకు మెదడు కలతనొంది కడుపును తిప్పును. అందుచేత తల తిరుగుట ప్రారంభమైనంతనే పుస్తకమును మూసి, నడిమిభాగమున కిటికీవద్ద కూర్చుండి దూరపు దిగంతరేఖను చూచుటయో, కన్నులు మూసి వెల్లకిల పండుకొనుటయో మేలు. వట్టికడుపును నిండుకడుపును రెండును కీడే. శొంఠి కొందరికి ఉపశమనమిచ్చును. మనవారికి దానిని గూర్చి వేరొకరు చెప్పనక్కరలేదు. మందు వాంతికి పూర్వమే పుచ్చుకొనవలెను. చెవివెనుక అంటించు స్కోపోలమిన్ పట్టీ పనిచేయుటకు కొన్నిగంటలు పట్టును. గ్లాకోమా, ప్రోస్టేటు వాపు ఉన్నవారికి అది హాని చేయవచ్చును గనుక ఇంటివద్దనే వైద్యుని అడిగి నిశ్చయించుకొనవలెను.

ఓడలో వైద్యుడు సాధారణముగా ఒక్కడే. కింగ్ జార్జ్ ద్వీపమున విమానము దిగు చోటున్నను, మంచు మూసినచో చిలీలోని పుంటా అరీనస్ ఆసుపత్రి అందనంత దూరము. అందుచేత పంటినొప్పిని ఊరనే నయము చేయించుకొని, నిత్యము వాడు మందులను అవసరమునకు మించి చేతిసంచిలో ఉంచుకొని, రోగిని తరలించు వ్యయమును భరించు బీమాను తీసికొని బయలుదేరుట వివేకము. ఓడ ఒరిగినపుడు ఇనుపతలుపులు ధనాలున మూసికొనును. ద్వారబంధమున వ్రేళ్లుంచరాదు, ఊతకమ్మిని విడువరాదు. ఆ కమ్మినే ఓడలోని వారందరును పట్టుకొందురు గనుక భోజనమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుట తప్పనిసరి. వాంతివిరేచనములను వ్యాపింపజేయు నోరోవైరసు సారాయి కలిపిన ద్రవమునకు సులభముగా లొంగదు. వాంతులు పట్టుకొన్నవాడు సంకోచింపక వైద్యునికి చెప్పి గదిలోనే ఉండిపోవలెను. ఒక్కని మొగమాటము పదిమంది యాత్రను పాడుచేయును.

ఇట్లే మననుండి అచటి పక్షులకు రోగము సోకకుండ చూచుటయు మన విధియే. హెచ్5ఎన్1 పక్షిజ్వరము 2023లో దక్షిణ జార్జియా దీవులను, 2024 నాటికి ద్వీపకల్పమును చేరినది. గాలితో ఉబ్బించిన జోడియాక్ పడవ ఎక్కుటకు ముందును, దిగివచ్చిన పిమ్మటను బూట్లను క్రిమిసంహారక జలమున కడుగుదురు. నేలపై కూర్చుండుట, మోకరిల్లుట, సంచిని దించుట ఇవన్నియు నిషిద్ధము. ఈ నియమము ఎంతయు న్యాయమైనది. అయినను గంటలకొలది మంచులో నిలువబడుట వృద్ధులకు కష్టము. అట్టివారు ముందే మార్గదర్శకునకు తెలిపినయెడల తొలుత తిరిగివచ్చు పడవలోనే వారిని ఓడకు చేర్తురు.