వయసు దగ్గు అని వదిలేయకండి

మీ ఇంట్లో ముసలి పొమేరియన్ ఉందా? ఉంటే ఇలా వచ్చి కూర్చోండి, మనం మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది. లేకపోయినా ఫర్వాలేదు, పక్కింట్లోనో మీ చెల్లెలి ఇంట్లోనో ఒకటి ఉండే ఉంటుంది. 1994లో 'హమ్ ఆప్‌కే హై కౌన్' సినిమా వచ్చినప్పుడు అందులోని కుక్క టఫీని చూసి, అలాంటి కుక్కపిల్ల కావాలని ఇంట్లో పిల్లలు మారాం చేసిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. మనం పొమేరియన్ అని పిలుచుకునేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. టఫీ కూడా అదే. పేరేదైనా, బాగా చూసుకుంటే ఈ చిన్న కుక్కలు 13, 14 ఏళ్లు బతుకుతాయి. ఆ వయసుకు వచ్చేసరికి చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది. "దీనికి దగ్గు పట్టుకుందండీ, ఎంతకీ తగ్గట్లేదు."

దాని వెనకే ఇంకో మాట వస్తుంది. "ముసలిదైపోయింది కదా, ఇక అంతే." నాకు బాధ కలిగించేది ఈ రెండో మాట. ముసలితనం జబ్బు కాదండీ. దగ్గు ఉందంటే దానికి ఓ కారణం ఉంటుంది. ఆ కారణం తెలిస్తే చెయ్యగలిగింది ఎంతో ఉంటుంది. ఈ వయసులో వచ్చిన దగ్గు చాలాసార్లు పూర్తిగా పోదు, అది నిజమే. కానీ రాత్రంతా కూర్చునే తెల్లవార్చే కుక్క, రోజుకు నాలుగైదుసార్లు దగ్గి మళ్లీ తోక ఊపుకుంటూ తిరిగేలా అవుతుంది. ఆ తేడా చూసినవాళ్లకు తెలుస్తుంది అదెంత పెద్ద విషయమో.

కుక్క దగ్గు మన దగ్గులా ఉండదు. మా ఇంటి కుక్క చిట్టికి 13 ఏళ్లు. దగ్గు వచ్చిందంటే మెడ ముందుకు చాస్తుంది, ముందుకాళ్లు ఎడంగా పెడుతుంది, ఒళ్లంతా బిగబట్టి ఖంగు ఖంగుమంటుంది. చివర్లో ఓ వాంతి చేసుకోబోయినట్టు 'ఖ్యాక్' అని కాస్త తెల్లటి నురగ కక్కుతుంది. అది చూసిన ప్రతివాళ్లూ గొంతులో ఎముకో ముల్లో ఇరుక్కుందనే అంటారు. నోరు తెరిచి వేలు పెట్టి వెతికేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఫోన్ తీసి వీడియో పట్టండి. క్లినిక్ మెట్లెక్కగానే ఏ కుక్కా దగ్గదు. డాక్టరు ముందు ఎంత అభినయించి చూపించినా ఆ అరనిమిషం వీడియోకి సాటి రాదు. పైగా కొన్నిసార్లు మనం దగ్గు అనుకునేది దగ్గే కాదు. కుక్క గాలిని ముక్కుతో లోపలికి గుర్రుగుర్రుమంటూ లాక్కుంటుంది. దాన్ని రివర్స్ స్నీజింగ్ అంటారు. గొంతు మీద మెల్లిగా నిమిరితే ఓ నిమిషంలో సర్దుకుంటుంది, దానివల్ల ప్రమాదమేమీ లేదు. వీడియో చూస్తే డాక్టరు రెంటికీ తేడా చెప్పేస్తారు.

సరే, అసలు దగ్గు ఎక్కడినుంచి వస్తుంది? చిన్న జాతుల్లో ముందుగా చూడాల్సింది శ్వాసనాళం. మెత్తటి ఎముకతో చేసిన రింగులు, 'సి' అక్షరం ఆకారంలో ఉండేవి, ఆ గొట్టాన్ని తెరిచి ఉంచుతాయి. ఈ కుక్కల్లో వయసుతోపాటు ఆ రింగులు బలం పోగొట్టుకుని చదునవుతాయి. ఊపిరి తీసి వదిలేటప్పుడు గొట్టం అణిగిపోతుంది. అందుకే ఆ దగ్గు బాతు అరిచినట్టు ఉంటుంది. కాలింగ్ బెల్ మోగినా, చుట్టాలొచ్చిన సంబరంలో గెంతినా, గబగబా నీళ్లు తాగి పొలమారినా, గొలుసు పట్టి లాగినా మొదలవుతుంది. ఒకసారి దగ్గితే లోపలి పొర ఒరుసుకుపోతుంది, ఒరుసుకుపోయినందుకు మళ్లీ దగ్గొస్తుంది. ఈ గొలుసు తెంచడానికే ఇలాంటి కేసుల్లో డాక్టర్లు దగ్గు అణిచే మందు రాస్తారు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదన్నా అంతటితో ఆగిపోకండి. మెడ దగ్గరి భాగం ఊపిరి పీల్చేటప్పుడు అణుగుతుంది, ఛాతీలోది వదిలేటప్పుడు అణుగుతుంది. తప్పుడు క్షణంలో తీసిన ఫిల్ములో అది దొరకదు. రెండు దశల్లోనూ తీయమని అడగొచ్చు. మందులకు లొంగనంత ముదిరితే లోపల స్టెంటు వేసే పద్ధతీ ఉంది, కానీ అది చివరి దారి.

ఇక రెండోది గుండె. ముసలి చిన్న కుక్కల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే గుండె జబ్బు మైట్రల్ వాల్వుది. వాల్వు రెక్కలు మందమై సరిగ్గా మూసుకోవు, రక్తం వెనక్కి కారుతుంది, గుండె ఎడమవైపు పెద్దదవుతుంది. స్టెతస్కోపు పెట్టగానే డాక్టరుకు 'మర్మర్' అనే అదనపు శబ్దం వినిపిస్తుంది. ఇక్కడే ఓ చిక్కుంది. మర్మర్ వినిపించినంత మాత్రాన దగ్గు గుండెవల్లే అని కాదు. మెత్తబడ్డ శ్వాసనాళం, కారే వాల్వు, రెండూ ఒకే కుక్కలో ఉండడం మామూలే. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, నీరు తీసే మందు ఫ్యూరోసెమైడ్ ఇస్తే నీరున్న కుక్కకు ప్రాణం లేచొస్తుంది. నీరు లేని కుక్కకు మాత్రం దాహం, నీరసం తప్ప ఒరిగేదేమీ ఉండదు. అందుకే ఎక్స్‌రే, వీలైతే ఎకో (గుండె స్కాన్) తీయించాకే మందు మొదలుపెట్టాలని నేను గట్టిగా చెప్తాను. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో బోధనాసుపత్రులున్నాయి, మీ ఊరికి దగ్గరైతే కనుక్కోండి.

ఈ పరీక్షలు చేయిస్తే లాభమేమిటంటారా? 2016లో ఎపిక్ అనే అధ్యయనం వెలువడింది. గుండె వైఫల్యం లక్షణాలు ఇంకా మొదలుకాని, కానీ గుండె అప్పటికే పెద్దదైన 360 కుక్కల మీద చేశారు. పిమోబెండాన్ అనే గుండె మందు ఇచ్చిన కుక్కల్లో గుండె చేతులెత్తేసే దశ సుమారు 15 నెలలు వెనక్కి జరిగింది. 13 ఏళ్లు బతికే ప్రాణికి 15 నెలలంటే ఎంతో చూడండి! ముందే పట్టుకోవాలని అనేది అందుకే. ఈ మాత్రను తిండికి గంట ముందు వేస్తే బాగా పనిచేస్తుంది. ఫ్యూరోసెమైడ్ రాస్తే మాత్రం నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచండి. మాటిమాటికీ ఒంటేలుకు పోతోందని నీళ్లు తగ్గించడం మహా ప్రమాదం, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇంట్లో మనం చెయ్యగలిగిన పనుల్లో అన్నిటికంటే విలువైనది డబ్బు ఖర్చు లేనిది. కుక్క గాఢనిద్రలో ఉన్నప్పుడు డొక్క వైపు చూడండి. ఒకసారి పైకి లేచి దిగితే ఒక ఊపిరి. ఫోన్లో గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నో లెక్కించండి. కలగంటూ కాళ్లు కొట్టుకుంటుంటే ఆగి, తర్వాత లెక్కించండి. 30 లోపుంటే నిశ్చింత. మా ఇంట్లో ఆ అంకె వెంకట్రామా క్యాలెండర్లో, తారీఖు గడిలో, పాల ప్యాకెట్ల లెక్క పక్కనే రాస్తాం. 18, 20, 19 అని నడిచే వరసలో ఓ రోజు 28, మర్నాడు 33 కనిపిస్తే, దగ్గు పెరగకపోయినా ఊపిరితిత్తుల్లో ఏదో మొదలైందని అర్థం. దగ్గుకంటే ముందు చెప్పే సాక్షి ఈ అంకె.

మనుషుల దగ్గు సిరప్ మాత్రం పోయకండి. కొన్నిటిలో తీపి కోసం వేసే జైలిటాల్ కుక్కకు విషం. ముక్కు దిబ్బడ పోవడానికి కలిపే మందులు గుండెను పరిగెత్తిస్తాయి. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఛాతీకి బామ్ రాయడం కూడా ప్రేమతో చేసే పనే, కానీ కుక్క నాకేస్తుంది, అందులోని కర్పూరం దానికి పడదు. మిరియాల కషాయం మన గొంతుకు హాయి. ఒరుసుకుపోయిన దాని గొంతుకు మంట.

ఇల్లు కూడా ఓసారి చూసుకుందాం. కుక్క నేలకు జానెడు ఎత్తులో ఊపిరి పీలుస్తుంది. ఫినాయిల్ వాసన, మంచం కింద వెలిగించిన దోమల చుట్ట, శుక్రవారం సాంబ్రాణి, అన్నీ ముందు దాని ముక్కుకే తగులుతాయి. పూజ మానమని ఎవరూ అనరు. సాంబ్రాణి వేసే కాసేపు దాన్ని వెనకగదిలో కిటికీ తీసి ఉంచితే చాలు. పచ్చడికి ఎండుమిరపకాయలు వేయించే రోజున మనకే దగ్గొస్తుంది కదా! భోగిమంట దగ్గరికి, దీపావళి రాత్రి వాకిట్లోకి దాన్ని తీసుకురాకండి. రోహిణి కార్తెలో పొద్దు పొడవకముందే నడిపించండి, ఎండలో ఒగర్చడం మొదలైతే అణిగిన గొట్టం ఇంకా అణుగుతుంది. మెడకు పట్టీ తీసేసి ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వేయండి. దాని పట్టీ గొంతు మీదికి జారకుండా రొమ్ము ఎముక మీద ఆనాలి, రెండు వేళ్లు దూరేంత వదులుండాలి. ఈ ఒక్క మార్పుతోనే దగ్గు సగం తగ్గిన కుక్కలున్నాయి.

ఇక నాకు అన్నిటికంటే కష్టమనిపించే విషయం తిండి. మన ఇళ్లలో ప్రేమంటే పెట్టడమే. తాతగారు కాఫీలో ముంచుకుంటూ దానికో బిస్కెట్టు, పిల్లలు స్కూలు నుంచి రాగానే ఇంకోటి, రాత్రి నెయ్యి వేసిన పెరుగన్నం చివరి ముద్ద. నాలుగు మేరీ బిస్కెట్లంటే దాదాపు 100 కేలరీలు. 5 కిలోల ముసలి కుక్కకు రోజు మొత్తానికి కావాల్సింది సుమారు 300. 5 కిలోలుండాల్సింది 6 కిలోలుందంటే, 60 కిలోల మనిషి ఇంకో 12 కిలోలు మోస్తున్నట్టే. ఆ కొవ్వు ఛాతీని లోపల్నుంచీ బయట్నుంచీ నొక్కుతుంది. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే వేళ్లకు తగలాలి. తగలకపోతే ఏ మందూ పూర్తిగా పనిచేయదు. పెట్టకుండా ఉండలేమంటే కీరా ముక్క పెట్టండి, ఉడికించిన బీన్స్ పెట్టండి. ఉల్లిపాయ తగలనివ్వకండి. అప్పడాలు, చిప్సు, ఊరగాయ కలిపిన అన్నం గుండె జబ్బున్న కుక్కకు అస్సలు వద్దు. ఇంట్లో అందరూ కూర్చుని ఒక్క మాట మీద నిలబడాలి, ఒక్కరు దొంగచాటుగా పెట్టినా లాభం లేదు.

ఈ రాత్రే మొదలుపెట్టండి. నిద్రలో ఊపిరి లెక్కించి రాసుకోండి. 30 దాటుతుంటే రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్లండి. 40 దాటినా, డొక్కలెగరేస్తున్నా, పడుకోలేక కూర్చునే ఉన్నా, స్పృహ తప్పినా, చిగుళ్లు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగకండి. రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ మీ ఊళ్లో ఏదో ఇవాళే కనుక్కుని, ఆ నంబరు ఫోన్లో వేసి పెట్టుకోండి.