సూర్యాపేటలో సముద్రపు నీళ్లు

ఉప్పునీటి అక్వేరియం అంటే ముందు నీళ్లు తయారుచేసుకోవడం. చేపలు చాలా తర్వాతి మాట. మా బోరు నీళ్లలో కరిగినవన్నీ తీసేయాలి, అంటే ఆర్.ఓ. పట్టాలి. లీటరు పట్టేసరికి రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. అలా వంద లీటర్లు పట్టి, లీటరుకి సుమారు 35 గ్రాముల లెక్కన మూడున్నర కిలోల అక్వేరియం ఉప్పు కలిపాను.

"తాగే నీళ్లల్ల ఉప్పేసుడేందిరా?" అంది అమ్మ.

ఆ మాట ఊరికే అన్నది కాదు. పాత నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లని చూసిన తరం ఆమెది. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతి పేరే 'నల్గొండ టెక్నిక్'. (ఏ జిల్లాకైనా ఇలాంటి కీర్తి దేనికి!) తమాషా ఏంటంటే, సముద్రపు నీళ్లలోనూ లీటరుకి దాదాపు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉంటుంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5. మా వైపు కొన్ని ఊళ్ల బావుల్లో అంతకు మించే ఉండేది. అంటే ఆ మనుషులు తాగిన నీళ్లలో సముద్రంలో కన్నా ఎక్కువ ఫ్లోరైడు.

తొట్టి నిండాక కూడా చేపల్ని వేయలేదు. అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్లమీద పెరగడానికి నెలా నెలన్నర పట్టింది. చూడ్డానికొచ్చిన కోదాడ చుట్టాలు ఉత్త నీళ్లని, రాళ్లని చూసి మర్యాదగా టీ తాగి వెళ్లిపోయారు.

ఎండాకాలం ఇంకో పని. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. తగ్గినంతా మంచినీళ్లే పోయాలి. నేను హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో అమ్మే గాజుమీది గీత దాకా పోస్తోంది. ఆర్.ఓ. వదిలేసిన నీళ్లు బకెట్లలో పట్టి వాకిలి కడుగుతోంది.