ముప్పై మైళ్ళ లోపల

1967 మే నెల. బాసగూడలో తునికాకు కల్లాలు సాగుతున్న రోజులు. అప్పటికి నాకు పదకొండేళ్ళు. మా మేనమామ కల్లేదారు. పగలంతా ఆకుకట్టలు లెక్కపెట్టి, రాత్రి తాలిపేరు ఇసుకలో చాప పరచుకొని, ట్రాన్సిస్టరు చెవి దగ్గర పెట్టుకొనేవాడు. ఒకనాడు అర్ధరాత్రి దాటిన తరువాత నన్ను తట్టిలేపి, "ఒరేయ్, గ్లాస్గో వాళ్ళు గెలిచారురా!" అన్నాడు. గ్లాస్గో ఏ దిక్కున ఉన్నదో నాకు తెలియదు. ఆయనకు మాత్రం తెలుసునా అని నా అనుమానం.

చదువు నిమిత్తం హైదరాబాదులో గడిపిన రెండేళ్ళలో మామయ్యకు ఈ పిచ్చి పట్టుకొన్నది. అవి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిన రోజులు. ఆ జట్టును తీర్చిదిద్దిన రహీం సాహెబు అంతకుముందు బడిపంతులు. 1962లో జకార్తాలో మన దేశానికి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన శిక్షకుడూ ఆయనే. ఊరికి తిరిగివస్తూ మామయ్య ఒక తోలుబంతి తెచ్చాడు. దాని బ్లాడరుకు సైకిలు ట్యూబు అతుకులు వేసి వేసి, ఆఖరుకు అతుకులే మిగిలాయి.

ఆ రాత్రి గెలిచినది సెల్టిక్ జట్టు. మే 25న లిస్బన్‌లో యూరోపియన్ కప్పు తుదిపోటీ. ప్రత్యర్థి ఇంటర్ మిలాన్ 1964, 1965లలో ఆ కప్పు గెలిచినది. ఒక గోలు చేసి, ఆపైన కోటతలుపులు బిగించుకోవడంలో దిట్ట. 7వ నిమిషంలో మజోలా పెనాల్టీతో గోలు చేయనే చేశాడు. సెల్టిక్ వారు ఆ తలుపులను గంటసేపు బాదారు. 63వ నిమిషంలో జెమ్మెల్, 84వ నిమిషంలో చామర్స్! బ్రిటన్‌కు ఆ కప్పు రావడం అదే మొదలు. వారి శిక్షకుడు జాక్ స్టీన్ ఒకప్పుడు బొగ్గుగని కార్మికుడు.

ఆ ఆటగాళ్ళందరూ తమ మైదానానికి ముప్పై మైళ్ళ లోపల పుట్టినవారేనని ఎన్నో ఏళ్ళకు చదివి మామయ్యకు చెప్పాను. ఆయన వెంటనే వేళ్ళు మడిచాడు. ఆవపల్లి నుంచి ఇద్దరు, ఉసూరు నుంచి ఒకడు, గోలులో సంతలో ఉప్పు అమ్మేవాడి కొడుకు... పదకొండుమంది లెక్క తేలింది. "మనకు బంతి ఒక్కటే తక్కువ" అన్నాడు.

2006లో హింసకు భయపడి ఊరు చెదిరిపోయింది. ఆ పదకొండుమందిలో ఎవరు ఎక్కడున్నారో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు. మామయ్య కుటుంబం అదే తాలిపేరు దిగువన ఉన్న చర్లకు చేరింది. అవసానకాలంలో చూడబోతే మంచం మీది నుంచి ఆయన అడిగినది ఒక్కటే.

"చర్ల మన ఊరికి ముప్పై మైళ్ళ లోపలే ఉంటుందంటావా?"

"లోపలే మామయ్యా" అన్నాను. కొలిచి చూడలేదు.