అమ్మ రాసిచ్చిన పాటల చిట్టీ

2006లో నేను కోఠీ విమెన్స్ కాలేజీలో డిగ్రీలో చేరినప్పుడు గేటుకి కాస్త దూరంలో, ఓ సందులో క్యాసెట్ల కొట్టు ఉండేది. కాలేజీ ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం అయింది. కొట్టు మాత్రం లేదు.

కొట్టంటే పెద్దదేం కాదు. ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు ఎండలో ఆగాల్సిందే. పై అరలో దుమ్ముపట్టిన రికార్డులుండేవి. అవి అమ్మకానికి కాదు, వాళ్ల నాన్న కాలం నాటివి. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులో ఒక వైపు మూడు నిమిషాల పాటే పట్టేదని నాకు చెప్పింది ఆ అంకులే. ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్‌ని 1963లోనే తెచ్చినా, మన ఊళ్లలో ఇంటింటికీ చేరింది 80లలోనే. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన టూ-ఇన్-వన్‌లు మీకూ గుర్తుండే ఉంటాయి. టీ-సిరీస్ లాంటి కంపెనీలు చవగ్గా క్యాసెట్లు అమ్మడంతో రికార్డులు అటకెక్కాయి.

అసలు బేరం మాత్రం రికార్డింగ్‌దే. మనం పాటల చిట్టీ ఇస్తే ఆయన ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించేవాడు. అరవై నిమిషాల క్యాసెట్ అంటే వైపుకి ముప్ఫై. ఒక్కో పాట ఎన్ని నిమిషాలో పెన్సిల్‌తో పక్కన రాసుకుని కూడేవాడు. ఆఖరి పాట చరణం మధ్యలో టేపు అయిపోకూడదు. అందుకోసం మన వరస మార్చేసేవాడు కూడా! గంట క్యాసెట్ నిండాలంటే గంట పట్టేది, కాబట్టి ‘రేపు రా బిడ్డా’ అనేవాడు. ఇచ్చేముందు క్యాసెట్ పైనున్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు రెండూ విరిచేవాడు, ఇంట్లో ఎవరూ పొరపాటున చెరపకుండా. కాపీరైట్ లెక్కన చూస్తే అదీ తప్పే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

రెండో ఏడాది దసరా సెలవులకి ముందు మా అమ్మ నల్గొండ నుంచి చిట్టీ పంపింది. పన్నెండు పాటలు. పదకొండింటికి పల్లవులు రాసింది. పన్నెండోదానికి పల్లవి గుర్తులేక, ‘పడవ మీద పాడుతుంది, తెల్ల చీర, జానకి గొంతు’ అని రాసింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ‘దొరుకుతది, నాలుగు రోజులు ఆగు’ అని అడ్వాన్సు తీసుకున్నాడు.

ఆ నాలుగు రోజుల్లోనే మా హాస్టల్ రూమ్మేట్ ఫుట్‌పాత్ మీద 30 రూపాయలకి ఎంపీత్రీ సీడీ కొనుక్కొచ్చింది. అందులో నూట యాభై పాటలు! ఇంటికెళ్లేటప్పుడు నేనూ అలాంటివి రెండు కొన్నాను, ఓ చిన్న సీడీ ప్లేయర్‌తో సహా. క్యాసెట్ తీసుకోవడానికి వెళ్లనేలేదు. తర్వాత వెళ్లాలంటే సిగ్గేసింది. డిగ్రీ అయ్యేదాకా బస్టాపుకి చుట్టుతిరిగి వెళ్లేదాన్ని. ఒకసారి దూరం నుంచి కనిపించాడు. కొట్టు ముందు స్టూలేసుకుని, పెన్సిల్‌తో టేపు చుడుతున్నాడు.

ఈ మధ్య ఓ కథనం పనిమీద అటు వెళితే, ఆ జాగాలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. క్యాసెట్ల అంకుల్ గురించి అడిగితే అక్కడి కుర్రాడు ‘నాకు తెల్వదు మేడమ్, మేం వచ్చేసరికే ఖాళీ షెట్టర్’ అన్నాడు.

ఇప్పుడు నా ఫోన్‌లో లేని పాటంటూ లేదు. మొన్న అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పాట కోసం వెతికాను. జానకి, పడవ, తెల్ల చీర... ఏం కొట్టినా వేరేవే వస్తున్నాయి. కూనిరాగం తీస్తే గూగుల్ కనిపెడుతుందని అమ్మచేత పాడించాను. రెండు లైన్లు తీసి ఆగిపోయింది.

‘ఆయన దొరికిందనే అన్నాడా?’ అనడిగింది.

నేను వెళ్లలేదని అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.