మేరీ మోకాళ్ళు

శాన్‌ఫ్రాన్సిస్కోలో మేరీ జేన్ రాత్‌బన్ ఎయిడ్స్ రోగుల వికారం తగ్గి, కాస్త తిండి సహించాలని గంజాయి కలిపిన బ్రౌనీ కేకులు చేసి పంచేది. మూడుసార్లు అరెస్టయింది. 1992లో నగర పాలకులే ఆమె పేర ఒక రోజును ప్రకటించారు. వైద్యానికి గంజాయిని అనుమతిస్తూ 1996లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన చట్టం కోసం ఆమె ప్రచారం చేసింది.

అయితే కీళ్ళనొప్పులతో, కృత్రిమ మోకాళ్ళతో నడిచిన మేరీ తన బాధకీ ఆ కేకే తినేది. నేను చదివిన కథనాల్లో ఈ సంగతి ఒక్క వాక్యంలో దాటిపోతుంది. పెద్దామె వడ్డిస్తే మురిసిపోతాం. తన కోసం తీసుకుంటే చూపు తిప్పుకుంటాం. ముసలి ఆడవాళ్ళ నొప్పి వయసు ఖాతాలో రాసేసే మామూలు విషయమా? సేవకి దక్కిన గౌరవం ఆ మోకాళ్ళకీ దక్కాలి.